దత్తత ఫైనల్ చేయడానికి కోర్టుకు పిలుస్తారట, అక్కడ ఏమేం అడుగుతారు? (హన్మకొండ)

నైంనగర్_అమ్మ అడిగారు:

అందరికీ నమస్తే. మాది హన్మకొండ. పెళ్లయి పదకొండేళ్లు. దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ కారాలో రిజిస్టర్ చేసుకుని ఏళ్ల తరబడి ఎదురుచూశాక మొన్నీమధ్యే పాప మా ఇంటికొచ్చింది, ఏడాదిన్నర ఉంటుంది. పాప ఉన్న శిశుగృహ మా జిల్లాలోది కాదు, పక్క జిల్లాలోది. ఇప్పుడు పాప మా దగ్గర ఉన్నది ప్రీ అడాప్షన్ ఫోస్టర్ కేర్ కింద అని, ఫైనల్ ఆర్డర్ వచ్చాకే కాగితాల మీద మాదవుతుందని చెప్పారు. ఫైలు పైకి పంపాం, పిలుస్తారు, పిలిచినప్పుడు రండి అన్నారు, అంతే. ఎక్కడికి రావాలి, ఎవరి ముందు నిలబడాలి, ఏం పట్టుకు రావాలి అని అడిగితే "మేం చెప్తాం కదమ్మా" అంటున్నారు.

మా బావగారేమో కోర్టు అంటే లాయర్ లేకుండా ఎట్లా అంటున్నారు. అత్తమ్మ భయం వేరే, కన్నవాళ్లు ఎప్పుడైనా వచ్చి మా బిడ్డ మాకిచ్చేయమంటే ఏం చేస్తాం అని రాత్రిళ్లు అదే మాట. పక్కింటాయన ఇంకో అడుగు ముందుకేసి, నాకు తెలిసిన మనిషి ఉన్నాడు, కొంచెం ఖర్చు పెట్టుకుంటే తారీఖు తొందరగా ఇప్పిస్తాడు అంటున్నాడు. నా టెన్షన్ మాత్రం ఒక్కటే. కొత్త మొహం కనిపిస్తే చాలు పాప నా చున్నీలో తల దూర్చి గుక్క పట్టి ఏడుస్తుంది. జడ్జి ముందు అట్లా ఏడిస్తే ఈమె దగ్గర పిల్ల సంతోషంగా లేదు అనుకుంటారా? నవ్వకండి ప్లీజ్, నిద్ర పట్టట్లేదు. పాపకు పేరు కూడా మార్చాలనుకున్నాం, అది ఎవరికి ఎప్పుడు చెప్పాలో తెలియదు. ఈ పని అయినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

అదాలత్_లాయర్ జవాబు:

అమ్మా, ముందుగా, మీరు వెళ్లేది కోర్టుకు కాదు. బాలల న్యాయ చట్టాన్ని 2021లో సవరించారు, అది 2022 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటి నుంచి దత్తత ఆర్డర్ ఇచ్చేది జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టర్. అడిషనల్ కలెక్టర్ కూడా ఇవ్వొచ్చు. శిశుగృహ ఏ జిల్లాలో ఉంటే ఆ జిల్లా కలెక్టరేట్‌కు వెళ్లాలి, కాబట్టి మీరు సుబేదారిలోని మన కలెక్టరేట్‌కు కాదు, పక్క జిల్లాకే ప్రయాణం పెట్టుకోండి. జనం నోట్లో ఇంకా కోర్టు అనే నలుగుతోంది, ఆఫీసుల్లో పాతవాళ్లు కూడా అలవాటు కొద్దీ అట్లాగే అంటారు.

లాయర్‌ని అయ్యుండి నేనే చెప్తున్నా, దీనికి లాయర్ అక్కర్లేదు. దరఖాస్తు వేసేది మీరు కాదు, శిశుగృహ. వాళ్లు జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌కు, అదే డీసీపీయూకు ఇస్తారు, వాళ్లు కాగితాలన్నీ సరిచూసి కలెక్టర్‌కు పంపుతారు. దరఖాస్తు పడిన రెండు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. ఎన్నికలో, బదిలీలో ఉంటే కొంచెం అటూ ఇటూ అవుతుంది, అంతమాత్రాన ఏదో తేడా వచ్చిందని కంగారు పడొద్దు.

కలెక్టర్ చూడాల్సినవి ప్రధానంగా మూడు. ఈ దత్తత పిల్లకు మేలు చేసేదేనా, పిల్లకు అర్థమయ్యే వయసుంటే పిల్ల ఇష్టమేంటి, ఈ దత్తత కోసం చేతులు మారకూడని డబ్బు ఏమైనా మారిందా. మూడోది చదివి మీ పక్కింటాయన్ని గుర్తు తెచ్చుకోండి. ఏది జరగలేదని ఆర్డర్‌లో రాయాలో అదే చేయమంటున్నాడాయన. నియమాల్లో ఉన్న ఫీజు తప్ప, అదీ రసీదుతో తప్ప, ఎవరికీ రూపాయి ఇవ్వకండి. పిల్లల్ని అమ్మినా కొన్నా ఇదే చట్టం 81వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా. తారీఖు ఇప్పిస్తాననే మనిషి రేపు అదే విషయం పట్టుకుని మిమ్మల్నే బెదిరిస్తాడు.

అత్తమ్మగారి భయం గురించి. పాప మీ దాకా వచ్చేసరికే ఆ దశ దాటిపోయింది. కన్నవాళ్లు స్వయంగా అప్పగించిన బిడ్డయితే మనసు మార్చుకోవడానికి వాళ్లకు రెండు నెలలు గడువిస్తారు. దొరికిన బిడ్డయితే ముందు తల్లిదండ్రుల కోసం వెతుకుతారు. ఇవన్నీ అయ్యాకే బాలల సంక్షేమ కమిటీ ఈ పిల్లను దత్తత ఇవ్వొచ్చని ప్రకటిస్తుంది. ఆ ప్రకటన లేకుండా పాప పేరు కారా పోర్టల్‌లో మీకు కనిపించేదే కాదు. ఇక ఆర్డర్ అమల్లోకి వచ్చిన రోజు నుంచి పాప అన్ని రకాలుగా మీ బిడ్డే, ఆస్తి హక్కుతో సహా. కన్నవాళ్లతో చట్టపరమైన బంధం ఆ రోజుతో తెగిపోతుంది. ఇది అత్తమ్మగారికి చదివి వినిపించండి.

జనగామ_వాణి జవాబు:

అక్కా, మాది 2024లో అయింది, కలెక్టర్ దగ్గరే. నేను కూడా మీలాగే నల్లకోట్లు, బోను, ప్రమాణం అన్నీ ఊహించుకుని వెళ్లాను. తీరా చూస్తే ఛాంబర్‌లో పెద్ద టేబుల్, ఇటు మేమిద్దరం, పక్కన శిశుగృహ మేడమ్, డీసీపీయూ నుంచి ఒక సార్. బయటివాళ్లను రానివ్వరు, చట్టం ప్రకారమే తలుపులు వేసి మాట్లాడాలట, అందుకే మా అమ్మానాన్న బయట బెంచీ మీద కూర్చున్నారు. సార్ ఫైలు తిప్పుతూ మా ఆయన్ని ఉద్యోగం అడిగారు, ఇంట్లో ఎవరెవరు ఉంటారన్నారు, నన్ను పాప రాత్రి సరిగ్గా పడుకుంటుందా అన్నారు. ఎందుకు దత్తత తీసుకోవాలనుకున్నారు అని కూడా అడిగారు, దానికి నేను రిహార్సల్ చేసుకున్నదంతా మర్చిపోయి "మాకు కావాలనిపించింది సార్" అన్నాను. ఆయన తలూపి సంతకం పెట్టే పేజీ వెతుక్కున్నారు. ఇంట్లో పరిస్థితులన్నీ హోమ్ స్టడీ రిపోర్టులో ముందే రాసి ఉంటాయి కాబట్టి కొత్తగా పరీక్ష పెట్టేదేమీ ఉండదు. లోపల మాట్లాడింది కొంచెమే, బయట కూర్చున్నదే పొద్దంతా.

అందుకే చెప్తున్నా, సోమవారం ఇస్తే వీలైతే వేరే రోజు అడగండి. సోమవారం ప్రజావాణి, అంటే కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే రోజు, భూమి కాగితాలు పట్టుకుని జిల్లా అంతా అక్కడే ఉంటుంది. పాలసీసా, రెండు జతల బట్టలు, బిస్కెట్లు, పాపకు అలవాటైన బొంత తప్పకుండా పెట్టుకోండి. ఏడుస్తుందని మీ భయం కదా, కొత్తవాళ్లను చూసి మీ చున్నీలోనే తల దూర్చుతోందంటే ఎవరిని అమ్మ అనుకుంటోందో చూసేవాళ్లకు తెలియదా? మా పాప అయితే సార్ టేబుల్ మీది పేపర్ వెయిట్ ఇవ్వలేదని ఏడ్చింది. చివరికి ఆయనే ఇచ్చారు.

ఒక్క సంగతి మాత్రం గట్టిగా పట్టుకోండి, ఆర్డర్‌లో స్పెల్లింగ్. మాకు మా ఆయన ఇంటిపేరు టెన్త్ మెమోలో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంది, ఆర్డర్‌లో మూడో రకంగా టైపు చేశారు. అది సరిచేయించుకునే దాకా బర్త్ సర్టిఫికెట్ ఆగిపోయింది, ఆ ఆఫీసుకూ ఈ ఆఫీసుకూ తిరగడంతో దసరా పోయి సంక్రాంతి వచ్చింది. డ్రాఫ్ట్ టైపు చేశాక ఒకసారి చూపించండి మేడమ్ అని ఇప్పుడే శిశుగృహలో అడిగి పెట్టుకోండి. సంతకం పడక ముందు ఐదు నిమిషాల పని అది. మీ ఇద్దరి పేర్లు, పాప కొత్త పేరు, పుట్టిన తేదీ, అక్షరం అక్షరం వేలు పెట్టి చదవండి.

ఎంజీఎం_రోడ్ జవాబు:

మాది పాత పద్ధతి, 2018, జిల్లా కోర్టులో. అప్పుడు కూడా రెండు నెలల్లో ఇవ్వాలనే రాసి ఉండేది, కానీ వాయిదా మీద వాయిదా. మామూలు కేసులకు అటెండర్ బయటికొచ్చి గట్టిగా పేరు పిలుస్తాడు కదా, మాకు అట్లా పిలవలేదు, మెల్లగా వచ్చి చెయ్యి ఊపి లోపలికి రమ్మన్నాడు. జడ్జిగారు ఛాంబర్‌లోనే కూర్చున్నారు. మావాడు ఫైలుకు కట్టిన ట్యాగు కొసను నోట్లో పెట్టుకుని చీకుతుంటే బెంచ్ క్లర్క్ మెల్లగా లాగాడు, మావాడు వదల్లేదు, జడ్జిగారు "ఉండనివ్వండి, కేసు వాడిదే కదా" అన్నారు.

నా అభిప్రాయం అడిగితే కోర్టే నయం. ఆలస్యమైనా ఆ జడ్జిగారు ప్రతి పేజీ చదివారు. కలెక్టర్‌కు ధాన్యం కొనుగోళ్లు, వరదలు, మంత్రుల పర్యటనలు, వాటి మధ్యలో ఒక పసిపిల్ల ఫైలు. అందరూ జనగామ చెల్లె చెప్పిన సార్ లాగా ఉంటారని ఏముంది?

అదాలత్_లాయర్ జవాబు:

అన్నా, మీ మాట కొట్టిపారేయను, సవరణ వచ్చినప్పుడు మా బార్ అసోసియేషన్‌లో కూడా ఇదే వాదన నడిచింది. కానీ తారీఖుల కోసం తిరిగి తిరిగి మధ్యలో అలసిపోయిన జంటల్ని నేను చూశాను. అన్ని నెలలూ పిల్ల ఎటూ కాకుండా ఉంటుంది, బడిలో వేయాలన్నా ఇన్సూరెన్స్‌లో చేర్చాలన్నా కాగితం లేదు. చదివే ఓపిక మనిషిని బట్టి ఉంటుంది, కుర్చీని బట్టి కాదు.

నర్సంపేట_రైతు జవాబు:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా చెల్లెకు ముగ్గురు ఆడపిల్లలు, మాకు పిల్లలు లేరు. చిన్నమ్మాయిని మేం సాదుకుంటామని రెండిళ్లలోనూ ఒప్పుకున్నారు, పాపకు నాలుగేళ్లు. మేం కూడా కలెక్టర్ దగ్గరికి పోవాల్నా? ఊళ్లో పెద్దమనుషులు వంద రూపాయల బాండు పేపరు మీద రాసుకుంటే చాలు అంటున్నారు.

అదాలత్_లాయర్ జవాబు:

బాండు పేపరు రాసుకుని ఇంట్లో పెట్టుకుంటే రేపు బడిలో, పాస్‌పోర్టులో, ఆస్తి దగ్గర నిలబడటం కష్టం. మీరు హిందువులైతే 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం కింద చేసుకోవచ్చు, దానికి కలెక్టర్ ఆర్డర్ అక్కర్లేదు. కన్న తల్లీ తండ్రీ ఇద్దరూ ఒప్పుకుని బిడ్డను ఇవ్వాలి, మీ దంపతులిద్దరూ ఒప్పుకుని తీసుకోవాలి, ఇవ్వడం తీసుకోవడం నిజంగా జరగాలి. దత్త హోమం తప్పనిసరి కాదని చట్టమే చెప్పింది, చేసుకుంటే మీ ఇష్టం. పిల్లకు పదిహేనేళ్లు నిండకూడదు, పెళ్లి అయి ఉండకూడదు. ఆడపిల్లను మగమనిషి దత్తత తీసుకుంటే ఇద్దరి మధ్య కనీసం 21 ఏళ్ల తేడా ఉండాలి, మీకు ఇబ్బంది ఉండదనుకుంటా. ఇంట్లో ఇప్పటికే కూతురు ఉన్నవాళ్లు ఈ చట్టం కింద ఇంకో కూతుర్ని తీసుకోవడం కుదరదు, మీకా సమస్య లేదు.

ఆ తర్వాత దత్తత పత్రం రాయించి, ఇటువాళ్లూ అటువాళ్లూ సంతకాలు చేసి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించండి. అట్లా రిజిస్టరైన పత్రం ఉంటే దత్తత చట్టప్రకారమే జరిగిందని కోర్టు ముందుగానే నమ్ముతుంది, కాదన్నవాడే రుజువు చేసుకోవాలి. ఇంకొకటి, సరిగ్గా జరిగిన దత్తతను తర్వాత రద్దు చేసుకోవడం ఉండదు. మీ చెల్లెకు రేపు మనసు మారినా, మీకు సొంత పిల్లలు పుట్టినా అంతే. పత్రం రాయక ముందే రెండిళ్లవాళ్లూ కూర్చుని ఈ ఒక్క విషయం తేటగా మాట్లాడుకోండి.

అమ్మానాన్న ఇద్దరూ చనిపోయిన పిల్లలైతే దారి వేరు. గార్డియన్ దత్తత ఇవ్వాలంటే ముందు కోర్టు అనుమతి కావాలి, కోర్టు ఇప్పటికీ మిగిలింది అక్కడే. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలవాళ్లకు ఈ 1956 చట్టం వర్తించదు, కానీ పైన నైంనగర్ అమ్మ వెళ్తున్న దారి అన్ని మతాలవాళ్లకూ ఉంది. షబ్నం హష్మీ కేసులో 2014లో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చేసింది. శిశుగృహ పిల్లల్ని మాత్రం ఏ బాండు పేపరుతోనూ తెచ్చుకోలేరు. ఆస్పత్రి దగ్గర ఎవరో బిడ్డనిస్తున్నారట, పత్రం రాసుకుందాం అని ఎవరన్నా అంటే అటువైపు వెళ్లకండి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

కాజీపేట_డీజిల్ జవాబు:

మేం పెద్ద పిల్లాణ్ని తెచ్చుకున్నాం, ఏడేళ్లప్పుడు. నైంనగర్ మేడమ్‌కు ఇది అవసరం లేదు గానీ చదివే వేరేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నా. ఐదేళ్లు దాటిన పిల్లల్ని ఒప్పుకోలు అడుగుతారు, ఊరికే ఫార్మాలిటీకి కాదు. మేడమ్ మమ్మల్ని కాసేపు బయట కూర్చోమని వాడితో మాట్లాడారు. ఏం చెప్పావురా అంటే "ఇంట్లో కుక్క ఉందని చెప్పిన" అన్నాడు. ఇంకేం చెప్పావు అంటే చెప్పడు. ఇప్పటికీ చెప్పలేదు.

పెద్ద పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు ముందు రోజు రాత్రి ఇదిగో ఇట్లా చెప్పాలి అట్లా చెప్పాలి అని నూరిపోయకండి. రేపు వెనక్కి పంపించేస్తారేమో అని వాళ్లకు అప్పటికే గుండెల్లో గుబులుంటుంది. ఆ ఆఫీసుకు ఎందుకు వెళ్తున్నామో, అయ్యాక మళ్లీ మనింటికే వస్తామని చెప్పండి, సాయంత్రం ఏం తింటామో కూడా చెప్పండి. మావాడికి ఆ రెండో మాటే ఎక్కువ ధైర్యమిచ్చింది.

నైంనగర్_అమ్మ జవాబు:

అందరికీ చాలా థ్యాంక్స్. అత్తమ్మకు లాయర్‌గారి జవాబు రెండుసార్లు చదివి వినిపించా, ఇప్పుడు కలెక్టర్ గారికి ఏం స్వీట్లు తీసుకెళ్లాలి అని అడుగుతోంది. పక్కింటాయనకు వద్దని చెప్పేశాం, మొహం మాడ్చుకున్నాడు. పేరు సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆర్డర్ అయ్యాక ఇంకా ఏమేం ఉంటాయో కూడా చెప్పండి.

జనగామ_వాణి జవాబు:

స్వీట్లు వద్దక్కా, అత్తమ్మను ఆపండి. ఇవ్వాలనిపిస్తే ఇంటికొచ్చాక వీధిలో పంచండి.

పేరు ఇప్పుడే రాసివ్వండి, ఇంటిపేరు ముందా వెనకా అన్నది కూడా తేల్చుకుని. ఫైలు పైకి వెళ్లిందన్నారు కాబట్టి ఆలస్యం చేయొద్దు, ఎందుకంటే ఆర్డర్‌లో ఏ పేరు, ఏ తేదీ ఉంటే బర్త్ సర్టిఫికెట్ దాని ప్రకారమే వస్తుంది. అందులో అమ్మానాన్నగా మీ పేర్లే ఉంటాయి. పుట్టిన తేదీ కూడా అడిగి చూసుకోండి, దొరికిన పిల్లలకు అది వయసును అంచనా కట్టి వేసిన తేదీ, ఒక్కోసారి మెడికల్ రిపోర్టులో ఒకటి, ఫైల్లో ఇంకొకటి ఉంటుంది. ఆర్డర్ సర్టిఫైడ్ కాపీ శిశుగృహవాళ్లే తెచ్చిస్తారు. రంగు జిరాక్స్‌లు చాలా తీసి పెట్టుకోండి, ఒరిజినల్ ఎవరికీ ఇవ్వొద్దు. బర్త్ సర్టిఫికెట్ చేతికొచ్చాకే ఆధార్‌కు వెళ్లండి, తొందరపడి ముందే వెళ్తే మళ్లీ మార్పులు చేయించుకోవాలి. ఐదేళ్ల లోపు పిల్లలకు నీలం రంగు ఆధార్ ఇస్తారు, వేలిముద్రలు తీసుకోరు, అమ్మో నాన్నో తమ ఆధార్‌తో వెళ్తే చాలు. ఎవరైనా దత్తత పత్రం రిజిస్టర్ చేయించారా అని అడిగితే, కలెక్టర్ ఆర్డర్ ఉన్నవాళ్లకు అది తప్పనిసరి కాదని చెప్పండి.

ఆ తర్వాత రెండేళ్ల పాటు ఆరు నెలలకోసారి పాప ఎట్లా ఉందో చూడటానికి వస్తారు, ఫొటో తీసి రిపోర్టు పోర్టల్‌లో పెడతారు. ఆ రోజు కోసం ఇల్లంతా కడిగి సర్దాల్సిన పని లేదు. మా ఇంటికొచ్చిన మేడమ్ పాప గోడల మీద గీసిన గీతల్ని కూడా ఫొటో తీసుకున్నారు.

ఇంకోటి, పాప పాత ఫొటోలు, శిశుగృహ పేరు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి, బంధువులకు కూడా గట్టిగా చెప్పండి. పిల్లల వివరాలు అట్లా బయటపెట్టకూడదు. పాపకు మాత్రం మెల్లమెల్లగా మీరే చెప్పండి, దాచిపెడితే ఏదో పెళ్లిలో ఏ పెద్దమ్మో నోరుజారి చెప్పేస్తుంది.

నైంనగర్_అమ్మ జవాబు:

సరే అక్కా. రేపే ఫోన్ చేసి పేరు రాసిస్తా, డ్రాఫ్ట్ కూడా అడుగుతా. చివరి డౌటు. టీకా కార్డు మీద పాత పేరే ఉంది, ఈ నెలలో ఏడాదిన్నర బూస్టర్ ఉంది. ఆర్డర్ వచ్చేదాకా ఆగాలా?

జనగామ_వాణి జవాబు:

అస్సలు ఆగొద్దు. అదే కార్డుతో వేయించండి, సెంటర్‌లో ఏమైనా అడిగితే ఫోస్టర్ కేర్ కాగితం చూపించండి. పేరు తర్వాత ఏఎన్ఎం మేడమ్‌తో మార్పించుకోవచ్చు. ఆ రాత్రికి జ్వరం మందు ఇంట్లో ఉంచుకోండి.